నీటి గోడ: మొదటి రోజు సెలయేరు, నాలుగో రోజు కట్టేయని కుళాయి. ఎందుకు?

ప్రశ్న: వెన్నెలగది

మసాజ్‌కీ విశ్రాంతికీ వాడే చిన్న గది. 4 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 2.7 ఎత్తు. ఒక గోడకి నీరు జారే గాజు పలక బిగించి ఉంది. కొలతలన్నీ ఇస్తున్నాను, చూసి చెప్పండి.

గాజు నున్నటిది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం. పైన స్టీలు కాలువ ఉంది, దాని అంచు మీంచి నీరు పొర్లి గాజు మీదుగా దిగుతుంది. కింద స్టీలు తొట్టి: 60 × 25, లోతు 25 సెంటీమీటర్లు. నీరు 20 దాకా, అంటే 30 లీటర్లు. పంపు నీట మునిగే రకం, పెట్టె మీద గంటకు 3000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు, 40 వాట్లు అని ఉంది. గొట్టం లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు. గాజు కింది అంచుకీ నీటికీ మధ్య ఖాళీ 5 సెంటీమీటర్లు. రోజుకి పది గంటలు నడుస్తుంది, రాత్రి ఆపేస్తాం.

మొదటి ఇబ్బంది చప్పుడు. తొట్టి నింపిన రోజు బాగుంటుంది. మూడు నాలుగు రోజులకల్లా ఎవరో బాత్రూంలో కుళాయి కట్టేయడం మరిచిపోయినట్టు వినిపిస్తుంది. పడుకున్నవాళ్లకి నిద్ర రావడం మాట అటుంచి, మధ్యలో లేచి వెళ్లాల్సిన పని గుర్తొస్తోంది.

రెండోది, నీరు పొరలా పరుచుకోవడం లేదు. పైన బాగానే మొదలై, జానెడు దిగేసరికి ఐదారు పాయలుగా చీలిపోతోంది. ఆ పాయల పక్కనే తెల్లటి చారలు కడుతున్నాయి.

మూడోది, పొద్దున తలుపు తీయగానే ముక్క వాసన.

ఆ వాసనకి విరుగుడుగా తొట్టిలో లావెండర్ నూనె చుక్కలు వేయొచ్చా? పొగమంచులా చిమ్మే అల్ట్రాసోనిక్ మిస్టర్ కూడా అందులోనే పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: రసమట్టం

వెన్నెలగది గారూ, మీ మొదటి రెండు ఇబ్బందులూ ఒక తల్లి పిల్లలే. ముందు చప్పుడు సంగతి చూద్దాం.

గాజుని అంటుకుని జారే నీరు దాదాపు మౌనంగా ఉంటుంది. శబ్దం పుట్టేది చివర్లో, అంచు వదిలి తొట్టిలో పడే చోట. పడేటప్పుడు నీరు కాస్త గాలిని కూడా లోపలికి లాక్కుపోతుంది. ఆ గాలి బుడగలు అదరడమే మనకి చాలావరకు వినబడేది. బుడగ పెద్దదైన కొద్దీ స్వరం కిందికి దిగుతుంది. డచ్ శాస్త్రవేత్త మార్సెల్ మినార్ట్ 1933లో ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్కేస్తే 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకి సుమారు 3300 సార్లు అదురుతుంది, 3 మిల్లీమీటర్లది 1100 సార్లు. సన్నటి పాయ ఎత్తు నుంచి పడితే దారిలోనే చుక్కలుగా విడిపోతుంది. చుక్కలు చిన్న బుడగల్నే చేస్తాయి, అందుకే ఆ చిటపట. లావుపాటి ధార తక్కువ ఎత్తు నుంచి లోతు నీటిలోకి దిగితే గుబగుబమని మంద్రంగా ఉంటుంది. మీకు కావలసింది ఆ రెండోది.

మరి నింపిన రోజు బాగుండి తర్వాత ఎందుకు చెడుతోంది? మీ తొట్టి నోరు 1500 చదరపు సెంటీమీటర్లు. అందులో ఒక లీటరు ఆవిరైతే మట్టం దాదాపు 7 మిల్లీమీటర్లు దిగిపోతుంది. ఈ సైజు గోడకి పది గంటల్లో లీటరు నుంచి లీటరున్నర పోవడం మామూలే. నాలుగు రోజులకి 3, 4 సెంటీమీటర్లు. 5 ఉన్న ఖాళీ కాస్తా 8, 9 అయి కూర్చుంటుంది. దానికి తోడు నీటి పైన స్టీలు రేకు ఎక్కువ బయటపడుతుంది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. కాబట్టి తొట్టి లోపల నీరుండాల్సిన చోట ఒక గీత పెట్టుకుని రోజూ అక్కడికి నింపండి. దగ్గర్లో నీటి లైను ఉంటే చిన్న ఫ్లోట్ వాల్వ్ పెట్టేస్తే ఆ బాధ కూడా ఉండదు.

ఖాళీని 5 నుంచి 2, 3 సెంటీమీటర్లకి తగ్గించండి. అయితే తొట్టిని ఇంకా పైదాకా నింపి మాత్రం కాదు. పంపు ఆపగానే పై కాలువలోదీ, గొట్టంలోదీ, గాజు మీదదీ అంతా కిందికి వచ్చిపడుతుంది. మీ కొలతలకి అది నాలుగు లీటర్ల దాకా ఉండొచ్చు, అంటే మట్టం రెండున్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పైన కనీసం 4 సెంటీమీటర్లు ఖాళీ ఉంచకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ నేల తుడవాలి. అందుకని నీటిని పైకి తేకుండా, అంచుకి అడుగున ఒక ప్లాస్టిక్ జాలీ ఆనించి, దాని మీద గులకరాళ్లు పేర్చండి, రాళ్ల నెత్తులు నీటిపైకి కాస్త తేలేలా. రాయిని తాకి జారే నీటికి చప్పుడు బాగా తగ్గుతుంది. 60లో 40 సెంటీమీటర్ల మేర రాళ్లు పెట్టి, మిగతా 20 తెరిచి వదిలేయండి. అక్కడ మాత్రం నీరు నేరుగా నీటిలో పడుతుంది, అడుగున 10 సెంటీమీటర్లకి తక్కువ కాకుండా లోతు ఉండాలి. మీకు వినబడే స్వరం అంతా ఆ 20 నుంచే వస్తుంది. రాళ్లని ముందు బకెట్‌లో నీరు తేటగా వచ్చేదాకా కడగండి. ఆ మట్టి పంపులోకి పోతే ఇంపెల్లర్ (నీటిని నెట్టే చిన్న చక్రం) ఇరుసు అరిగిపోతుంది.

తొట్టి బయటివైపు, అడుగునా పక్కలా, 3 నుంచి 5 మిల్లీమీటర్ల రబ్బరు షీటు గాని బిటుమెన్ షీటు గాని అతికిస్తే రేకు మోత చచ్చిపోతుంది. పంపు కింద మెత్తటి సిలికాన్ పాదాలుండాలి, పంపు ఒళ్లు స్టీలుకి తగలకూడదు. సన్నగా గుయ్‌మనే హోరు అక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు పాయల సంగతి. పెట్టె మీద 3000 అని ఉన్నంత మాత్రాన 3000 రాదు. అది ఎత్తు సున్నా ఉన్నప్పటి మాట. గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు అంటే అక్కడ చుక్క కూడా రాదని అర్థం. మీ ఎత్తు నీటిమట్టం నుంచి 1.3 మీటర్లు. దానికి 16 మిల్లీమీటర్ల గొట్టంలోని రాపిడి కలిస్తే పైకి చేరేది గంటకు 1200 లీటర్ల చుట్టుపక్కలే. 60 సెంటీమీటర్లకి పంచితే సెంటీమీటరుకి 20. నున్నటి గాజుకి ఇది ఏ మూలకీ చాలదు. గరుకు రాయి మీద సెంటీమీటరుకి 25 నుంచి 40 లీటర్లతో పొర నిలుస్తుంది, నున్నటి గాజుకి 50 నుంచి 75 కావాలి. గోడని తాకకుండా గాల్లో తెరలా దూకే ధారకైతే 150 దాకా పోతుంది.

నా లెక్క నమ్మక్కర్లేదు, కొలిచి చూసుకోండి. పైన గొట్టం విప్పి, అదే ఎత్తులో పట్టుకుని, 5 లీటర్ల పాత్ర ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 18000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది.

గొట్టం ఒక్కటి 25 మిల్లీమీటర్లకి మార్చండి. అదే పంపు 1700 దాకా ఇస్తుంది. అప్పటికీ నున్నటి గాజుకి తక్కువే. దారులు మూడు. గాజు తీసి గరుకు రాయో, మంచుగాజో పెట్టడం, పెద్ద పంపు, లేదా పై అంచులో రెండు చివర్లా 10 సెంటీమీటర్ల చొప్పున పట్టీ కట్టి నీటిని మధ్య 40లోనే వదలడం. మూడోదానికి పైసా ఖర్చు లేదు, 1700ని 40తో భాగిస్తే 42 వస్తుంది. 50కి కాస్త తక్కువే, కానీ ఇప్పుడున్న 20కి రెట్టింపు. పెద్ద పంపు నాకు ఇష్టం లేదు. నీరు ఎక్కువైతే చప్పుడూ ఎక్కువే, మళ్లీ మొదటికొస్తారు.

ఇంకొకటి. పై అంచు మీద రసమట్టం పెట్టి చూశారా? గంటకు 1200 లీటర్లు పారేటప్పుడు ఆ అంచు మీద నీటి మందం నాలుగున్నర మిల్లీమీటర్లే. అంచు ఒక చివర 1 మిల్లీమీటరు వాలితే చాలు, ఆ చివరికి రెండో చివర కంటే 40 శాతం ఎక్కువ నీరు పోతుంది. కంటికి ఆనని వాలు అది. పాయలు ఎప్పుడూ ఒకే పక్క చీలుతుంటే అనుమానించాల్సింది పంపుని కాదు, దాన్ని.

జవాబు: సున్నపుచార

పైన చెప్పినదాంట్లో ఒకటి కలపాలి. గాజు మీద ఎప్పుడైనా పాలిష్, మైనం, నీరు అంటనివ్వని పూత లాంటివి రాశారేమో చూడండి. వాటి మీద నీరు ఎంత పోసినా పాయలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పైనుంచి కిందికి తుడిచి, మంచినీటితో కడిగి చూడండి. గిన్నెలు తోమే సబ్బు చుక్క వేస్తే పొర పరుచుకునే మాట నిజమే, కానీ గంటలో తొట్టి నిండా నురగ, పంపు ఆ నురగని పీల్చి గుడగుడమంటుంది. ఆ పని చేయకండి.

ఇక తెల్ల చారలు. అది కాల్షియం కార్బొనేట్, నీటిలోని సున్నం. ఎప్పుడూ తడిగా ఉండే చోట తక్కువ కడుతుంది, తడిసి ఆరి తడిసి ఆరే చోట ఎక్కువ. మీకు పాయల పక్కనే కడుతున్నది అందుకే. పాయల్ని సరిచేస్తే చారలు సగం తగ్గుతాయి.

మిగతా సగం నీటిని బట్టి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. ఉదాహరణకి మీ నీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజుకి లీటరున్నర చొప్పున అదే నీటితో నింపుతూ పోతే 20 రోజులకి 30 లీటర్ల అదనపు నీటిలోని సున్నమంతా లోపలే చేరి, కాఠిన్యం 400 అవుతుంది. కొంత గాజు మీదికి పోతుంది, అది వేరే సంగతి. రోజూ కలిపే ఆ లీటరున్నర మాత్రం ఆర్‌ఓ నీరో, డిస్టిల్డ్ నీరో అయితే 200 దగ్గరే ఉంటుంది. అంటే మొత్తం 30 లీటర్లూ శుద్ధి నీరు కానక్కర్లేదు, కలిపేది అయితే చాలు. నీటిలో కరిగిన లవణాల్ని కొలిచే, చేతిలో పట్టే టీడీఎస్ మీటరుంటే మొదటి రోజు అంకె రాసిపెట్టుకుని, అది రెట్టింపైన రోజు నీరంతా మార్చండి. మీటరు లేకపోతే రెండు వారాలకోసారి.

కట్టిన చారలకి నిమ్మ ఉప్పు. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, గుడ్డ తడిపి గాజుకి అతికించి పది నిమిషాలు వదిలేయండి, ఆ తర్వాత రుద్దక్కర్లేకుండానే ఊడుతుంది. బ్లేడుతో గీకితే గాజు మీద గీతలు పడి, రేపు సున్నం ముందు ఆ గీతల్లోనే కూర్చుంటుంది. పంపుని విడిగా ఒక బకెట్‌లో అదే ద్రావణంలో 20 నిమిషాలు నడిపి, తర్వాత మంచినీటిలో ఇంకో ఐదు నిమిషాలు నడపండి. నిమ్మ ఉప్పు నీటిని గోడంతా తిప్పకండి, సిమెంటు అతుకులు ఉంటే తినేస్తుంది. పాలరాయి, సున్నపురాయి, ట్రావర్టీన్ మీద ఏ పులుపూ పనికిరాదు, రాయే కరుగుతుంది.

జవాబు: వెన్నెలగది

ఇద్దరికీ ధన్యవాదాలు. గాజు తీసేసి స్లేట్ రాయి పెట్టాలని మనసు లాగుతోంది. అందులో జాగ్రత్తలేమైనా ఉన్నాయా? వాసన, నూనె, మిస్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

జవాబు: తేమలెక్క

వాటికి వస్తున్నాను. నూనె, మిస్టర్ రెండింటికీ నా మాట ఒక్కటే: వద్దు.

ముందు ముక్క వాసన. అది రెండు చోట్ల నుంచి రావచ్చు. తొట్టిలో వేలు పెట్టి గోడని తడిమి చూడండి. జారుడుగా పాకుడు తగిలితే వాసన నీటిది. లేకపోతే గాజు వెనక గోడది. పలకకీ గోడకీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు గాలాడే సందు, గోడకి తేమ దూరని పూత, ఈ రెండూ లేకపోతే వెనక బూజు పడుతుంది, పైకి ఎంత శుభ్రం చేసినా వాసన పోదు.

తర్వాత గదిలో తేమ. తడి గాజు 0.72 చదరపు మీటర్లు, తొట్టి నోరు 0.15. చదరపు మీటరుకి గంటకు 100 నుంచి 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది, గాలి తగిలితే ఇంకా ఎక్కువ. గంటకు 150 గ్రాములు అనుకోండి. మీ గదిలో గాలి 32 ఘనపు మీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి పట్టగలిగే ఆవిరి 23 గ్రాములు. గదిలో గాలి గంటకు ఒక్కసారే మారితే తేమ బయటికన్నా 20 పాయింట్లు పెరుగుతుంది, రెండుసార్లు మారితే 10. బయటి గాలి 50 శాతం ఉంటే మొదటి లెక్కకి 70, రెండో లెక్కకి 60. 60 దాటితే దుప్పట్లు, చెక్క, గోడ మూలలు అన్నీ చెమ్మపట్టడం మొదలుపెడతాయి. కాబట్టి గంటకు రెండు మూడుసార్లు గాలి మారేలా ఎగ్జాస్ట్ పెట్టి, తేమని కొలిచే హైగ్రోమీటర్ ఒకటి నీటి గోడకి ఎదురు మూలలో వేలాడదీయండి. ఏసీ గాలి నేరుగా గాజు మీద పడకుండా చూడండి, పడితే ఆవిరి పెరిగి మట్టం ఇంకా త్వరగా దిగుతుంది, తుంపర పక్కకి కొట్టుకొస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది లెజియొనెల్లా అనే బాక్టీరియా గురించి. అది 20 నుంచి 45 డిగ్రీల నీటిలో, ముఖ్యంగా కదలని నీటిలో, పాకుడు మాటున పెరుగుతుంది. నీరు తాగితే కాదు, దాని తుంపరని పీలిస్తే ఊపిరితిత్తులకి పట్టుకుంటుంది. 2010లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక ఆసుపత్రి లాబీలో ఉన్న ఇలాంటి నీటి గోడ వల్లనే ఎనిమిది మందికి జబ్బు వచ్చింది. అక్కడ నీటి గోడలో స్పాంజి లాంటి ఫోమ్ ఉంది, బాక్టీరియా అందులో కాపురం పెట్టింది. భవనాల నీటి వ్యవస్థల్లో లెజియొనెల్లా గురించిన ఆష్రే (అమెరికాలోని ఏసీ, వెంటిలేషన్ ఇంజనీర్ల సంఘం) 188 ప్రమాణం అలంకార ఫౌంటెన్లని కూడా లెక్కలోకి తీసుకునేది ఇందుకే. మసాజ్‌కి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లూ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లూ ఉంటారు కదా.

అందుకని కొన్ని పనులు తప్పవు. తొట్టిలో స్పాంజి, ఫోమ్ ఏవీ ఉండకూడదు. దీపాలు నీటి బయటే ఉండాలి. నీరు పారుతున్నంతసేపు ఆవిరి వల్ల చల్లబడుతూ ఉంటుంది గానీ, పంపు ఆపి మునిగిన దీపాలు వదిలేస్తే అదే తొట్టి గోరువెచ్చని మడుగవుతుంది. రాత్రి పూర్తిగా ఆపకుండా టైమరు పెట్టి గంటకోసారి పది నిమిషాలు నడపండి. మూడు రోజులకి మించి గది మూస్తుంటే నీరంతా తీసేసి, తుడిచి, ఆరబెట్టండి.

రెండు వారాలకోసారి నీరు మార్చేటప్పుడు రాళ్లు, జాలీ, పంపు అన్నీ బయటికి తీసి బ్రష్‌తో తోమాలి. మందులు వేసి తోమడం ఎగ్గొట్టడానికి లేదు. తోమాక 30 లీటర్లు నింపి, వాసన, రంగు కలపని 5 శాతం బ్లీచు 30 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. గదిలో ఎవరూ లేకుండా, ఎగ్జాస్ట్ వేసి, అరగంట నడిపి, పారబోసి రెండుసార్లు కడగండి. రోజుల తరబడి బ్లీచు నీరే ఉంచితే స్టీలు తొట్టికి గుంటలు పడతాయి. ఇంకో మాట: నిమ్మ ఉప్పు గాని వెనిగర్ గాని వాడిన రోజు బ్లీచు ముట్టుకోకండి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.

నూనె సంగతి. లావెండర్ నూనె నీటిలో కలవదు. తొట్టి అంచు చుట్టూ, పంపు లోపల జిడ్డుగా పేరుకుంటుంది, గాజు మీద పడితే మళ్లీ పాయలే. రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, పాకుడుకి మేత దొరుకుతుంది. సువాసన కావాలంటే విడిగా డిఫ్యూజర్ పెట్టుకోండి, గోడకి ఎదురుగా.

మిస్టర్ అయితే ఇంకా ప్రమాదం. దాని బిళ్ల సెకనుకి దాదాపు 17 లక్షల సార్లు అదిరి నీటిని అతి సన్నని తుంపరగా విసురుతుంది. అది నీటిని మరిగించదు, కాబట్టి తొట్టిలో ఏముంటే అదంతా గాల్లోకి వెళ్తుంది. బాక్టీరియా ఉంటే బాక్టీరియా, సున్నం ఉంటే సున్నం. అద్దాల మీద, ఫోన్ల మీద పడే తెల్ల పొడి అదే. పైగా తేమ ఇప్పటికే అంచున ఉన్న గది మీది.

జవాబు: సున్నపుచార

తేమలెక్క గారూ, ప్రతి రెండు వారాలకీ బ్లీచు అవసరమా? 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వారానికోసారి 50 మిల్లీలీటర్లు వేస్తే 30 లీటర్లలో లీటరుకి 50 మిల్లీగ్రాములే అవుతుంది. వాసన ఉండదు, చివరికి నీరూ ఆక్సిజనూగా విడిపోతుంది, స్టీలుకి హాని తక్కువ.

జవాబు: తేమలెక్క

నాచు, వాసన అదుపులో ఉంచడానికి అది బాగానే పనికొస్తుంది, వేసుకోండి. కానీ పాకుడులోని చాలా బాక్టీరియాకి పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. పాకుడు మీద పోస్తే బుసబుసమని బుడగలొచ్చి కొద్దిసేపట్లో దాని బలం అయిపోతుంది. అందుకే నడుమ వారాల్లో పెరాక్సైడ్, తోమిన రోజున బ్లీచు. యూవీ దీపం గురించి కూడా ఎవరో అడుగుతారు, ముందే చెప్తున్నాను: దాని గుండా పోయిన నీటికే అది పనిచేస్తుంది, రాళ్ల కింది పాకుడు దాని కంటికి కనబడదు.

జవాబు: రసమట్టం

స్లేట్ గురించి అడిగారు కదా. 60 × 120 సైజులో 10 మిల్లీమీటర్ల పలక 20 కిలోలు తూగుతుంది, మీ గాజు 18. పెద్ద తేడా లేదు గానీ, గోడ బోలుదైతే లోపలి చట్రానికి బిగించండి, ప్లాస్టర్‌కి కాదు.

కొన్న ముక్క వెనక వైపు వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుసమంటే అందులో సున్నం ఉంది, రేపు నిమ్మ ఉప్పు వాడలేరు. బంగారు రంగు మెరుపు చుక్కలుంటే అవి ఇనుప ఖనిజం కావచ్చు, నీరు తగిలాక తుప్పు ధారలు కడతాయి. గోటితో అంచు గీరితే పొరలు లేచే రాయి వద్దు, ఆ పెచ్చులన్నీ పంపులోకే పోతాయి. అతికించడానికి న్యూట్రల్ సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది, రాయికీ మంచిది కాదు. ఆరడానికి రెండు రోజులు వదిలి, ఆ తర్వాతే నీళ్లు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నల్ల స్లేట్ మీద సున్నం గాజు మీద కన్నా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సున్నపుచార గారు చెప్పిన ఆర్‌ఓ నీటి పద్ధతి అక్కడ తప్పదు. మంచుగాజు పెట్టుకుంటే ఆ బాధ తక్కువ, అయితే గరుకు పని గాజుని టఫెన్ చేయకముందే (కాల్చి గట్టిపరచకముందే) చేయించాలి.

జవాబు: మూడోపిన్ను

కరెంటు మాట ఎవరూ అనలేదు కాబట్టి నాలుగు ముక్కలు. పంపు 12 లేదా 24 వోల్టులదైతే మేలు, అడాప్టర్ తొట్టి కన్నా పైన, తడి తగలని చోట ఉండాలి. నేరుగా మెయిన్స్ మీద నడిచేదైతే ఆ ప్లగ్గుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్టేసే స్విచ్) లేకుండా వాడకండి. వైరు ప్లగ్గులోకి వెళ్లేముందు దాని కన్నా కిందికి ఒక వంపు తిరిగి వెళ్లాలి, వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది. చేయి నీటిలో పెట్టేముందు స్విచ్ కట్టడం కాదు, ప్లగ్గు పీకండి. తొట్టి ఎండితే పంపు కాలిపోతుంది, దాన్ని చల్లబరిచేది ఆ నీరే. నీరు తగ్గితే ఆపేసే ఫ్లోట్ స్విచ్ చిన్న వస్తువే, పెట్టించుకోండి.

జవాబు: వెన్నెలగది

పాత్ర పెట్టి కొలిచాం. 5 లీటర్లకి 16 సెకన్లు, అంటే గంటకు 1125. పై అంచు ఎడమ పక్కకి ఒకటిన్నర మిల్లీమీటరు వాలి ఉంది. స్లేట్ ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఉన్న గాజుతోనే ముందు ప్రయత్నిస్తాం. అంచు, గొట్టం, రాళ్లు, పట్టీ: ఏది ముందు?

జవాబు: రసమట్టం

ఒకటిన్నర వాలు అంటే ఎడమ చివరికి కుడి చివర కన్నా ఒకటిన్నర రెట్ల పైనే నీరు పోతోంది. ముందు అదే. కాలువ బోల్టుల కింద సన్నటి స్టీలు వాషర్లు వేసి లేపండి, రబ్బరువి వేస్తే కొన్నాళ్లకి నలిగి మళ్లీ వాలుతుంది. తర్వాత గొట్టం. అది మార్చాక మళ్లీ పాత్రతో కొలవండి, 5 లీటర్లు 11 సెకన్ల లోపు నిండాలి. నిండకపోతే గొట్టం ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా పంపు నోటి దగ్గర గొట్టం తొడిగే పాత 16 మిల్లీమీటర్ల నిపిల్ అలాగే ఉండిపోయి ఉంటుంది. చాలామంది దాన్ని మరిచిపోతారు. ఆ తర్వాత చివర్ల పట్టీలు.

రాళ్లు అన్నిటికన్నా చివర, ఎందుకంటే నీటి పరిమాణం మారిన ప్రతిసారీ పడే చోటూ మారుతుంది, చప్పుడూ మారుతుంది. పట్టీలు కట్టాక ధార మధ్య 40లోనే పడుతుంది కాబట్టి, రాళ్లు 27 సెంటీమీటర్ల మేర, తెరిచిన జాగా 13 సరిపోతుంది. ఆ జాగాని మంచం తలవైపు కాకుండా కాళ్లవైపు వచ్చేలా చూడండి. పేర్చేటప్పుడు ఒకరు మంచం మీద తలపెట్టే చోటే తలపెట్టి, కళ్లు మూసుకుని పడుకోవాలి, ఇంకొకరు ఒక్కో రాయీ జరపాలి. తొట్టి దగ్గర వంగి వింటే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంటే తలగడ దగ్గర 40, 45 డెసిబెల్స్ చాలు, మెల్లగా మాట్లాడిన మాట తెలియాలి. చిటపట ఒకే చోటి నుంచి వస్తుంటే అక్కడ ఒక రాయి నెత్తి పల్లంగా ఉండి నీరు నిలిచి ఉంటుంది, తిరగేసి పెట్టండి. పంపు ఉన్న మూల మాత్రం రాళ్లతో కప్పకండి, రెండు వారాలకోసారి దాన్ని తీయాలి.